నాదెండ్ల మనోహర్: తెనాలి ఓట్లు, స్పీకర్ పీఠం, పదేళ్ల విరామం

బ్రాడీపేట పాఠకుడు

ఉమ్మడి గుంటూరు జిల్లా శాసనసభ్యుల ఎన్నికల చరిత్రను ఒక్కొక్కరి పేరున చర్చించుకుందామని ఇక్కడి పెద్దలు సూచించిన మీదట, ఈసారి తెనాలి శాసనసభ్యులు, పౌర సరఫరాల శాఖ మంత్రి నాదెండ్ల మనోహర్ గారి రాజకీయ ప్రస్థానాన్ని చర్చకు పెడుతున్నాను. ఆయన 2004లో, 2009లో కాంగ్రెస్ అభ్యర్థిగా తెనాలి నుంచి గెలిచారు. రెండోసారి గెలిచాక ఉప సభాపతి అయ్యారు. సభాపతిగా ఉన్న కిరణ్ కుమార్ రెడ్డి గారు 2010 నవంబరులో ముఖ్యమంత్రి కావడంతో సభా నిర్వహణ భారం ఆయన మీద పడింది, 2011 జూన్‌లో పూర్తి స్థాయి స్పీకర్‌గా ఎన్నికయ్యారు. ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు చివరి స్పీకర్ ఆయనే. ఆ తరువాత 2014లో కాంగ్రెస్ అభ్యర్థిగానూ, 2019లో జనసేన అభ్యర్థిగానూ అదే తెనాలిలో మూడో స్థానానికే పరిమితమయ్యారు. పదేళ్ల విరామం తరువాత 2024లో 48,112 ఓట్ల ఆధిక్యంతో తిరిగి సభలో అడుగుపెట్టారు.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. స్పీకర్‌గా పనిచేసినవారు తరువాతి ఎన్నికల్లో గెలవరన్న మాట మన రాష్ట్రంలో చాలా కాలంగా వినిపిస్తున్నది. ప్రతిభా భారతి గారు 2004లో, సురేశ్ రెడ్డి గారు 2009లో, మనోహర్ గారు 2014లో, కోడెల శివప్రసాదరావు గారు 2019లో, తమ్మినేని సీతారాం గారు 2024లో వరుసగా ఓడిపోయారు. తెలంగాణలో మధుసూదనాచారి గారు 2018లో ఓడిపోగా, 2023లో బాన్సువాడలో పోచారం శ్రీనివాసరెడ్డి గారు గెలిచి అక్కడ ఆ వరుసను తెంచారు. మనోహర్ గారి ఓటమిని ఆ పదవి ఖాతాలో వేయవచ్చునా, లేక పార్టీ ఖాతాలోనా, లేక తెనాలిలో ఆయనకున్న సొంత బలం ఖాతాలోనా అన్నది సభ్యులు ఆధారాలతో చెప్పాలని కోరుతున్నాను.

మారీసుపేట వాసి

తెనాలిలో పుట్టి పెరిగినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఎవరు ఏమన్నా స్పీకర్ పదవి నియోజకవర్గానికి నష్టమే. శాసనసభ్యుడి పని సగం సభలో కనిపిస్తుంది. ప్రశ్నోత్తరాల సమయంలో లేచి మురుగు కాలువల పూడిక గురించో, పట్టణంలోని వంతెనల గురించో, నిమ్మకాయల యార్డులో ధర పడిపోవడం గురించో అడిగితే అది మరునాడు పత్రికలో వస్తుంది, ఓటరు చదువుతాడు. స్పీకర్ స్థానంలో కూర్చున్న మనిషి ఆ ప్రశ్న అడగలేరు, జీరో అవర్‌లో లేచి నిలబడలేరు, తన పార్టీని సమర్థించుకోనూ లేరు. టీవీలో ఆయన కనిపించేదల్లా «కూర్చోండి, దయచేసి మీ స్థానాల్లోకి వెళ్లండి» అని అరుపుల మధ్య చెబుతున్నప్పుడే. తెలంగాణ, సమైక్యాంధ్ర ఉద్యమాలతో సభ రోజుల తరబడి స్తంభించిన కాలం అది. మా ఊరి మనిషి అంత పెద్ద పీఠం మీద కూర్చున్నాడన్న గర్వం మాకు ఉండేది, కాని మా సమస్య ఆ సభలో ఎవరు చెబుతారన్న బెంగ కూడా ఉండేది.

అరండల్‌పేట లెక్కల మాస్టారు

మారీసుపేట వాసి గారి మాటలో నిజం ఉన్నా, దాన్ని 2014 ఓటమికి కారణంగా చూపడం కుదరదు. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటి కూడా రాలేదు. మంత్రులుగా చేసినవారు, పీసీసీ పెద్దలు, ఏ పదవీ లేనివారు అందరూ ఒకే తీరున ఓడారు. అందరూ మునిగిన వరదలో ఒకరు మాత్రం కుర్చీ బరువువల్ల మునిగారని చెప్పలేము. ప్రతిభా భారతి గారు ఓడిన 2004లో తెలుగుదేశం మొత్తంగా ఓడింది. కోడెల గారు ఓడిన 2019లో ఉమ్మడి గుంటూరు జిల్లాలోని 17 స్థానాల్లో ఆ పార్టీకి మిగిలినవి గుంటూరు పశ్చిమం, రేపల్లె మాత్రమే. పైగా ఆయన 2014లో సత్తెనపల్లిలో నెగ్గింది 924 ఓట్లతో, అంటే ఏ చిన్న గాలికైనా చేజారే స్థానం అది. తమ్మినేని గారు ఓడిన 2024లో ఆయన పార్టీకి రాష్ట్రమంతటా దక్కినవి 11. ఈ వరుసలో పార్టీ గెలిచినా స్పీకర్ ఓడిన సందర్భాలు సురేశ్ రెడ్డి గారిది, తెలంగాణలో మధుసూదనాచారి గారిది మాత్రమే, సురేశ్ రెడ్డి గారి ఓటమి కూడా నియోజకవర్గాల పునర్విభజన తరువాత ఆర్మూరు నుంచి పోటీ చేసినప్పుడు. 1999లో యనమల రామకృష్ణుడు గారు స్పీకర్‌గా ఉంటూనే తునిలో గెలిచారన్న సంగతి ఈ నమ్మకం చెప్పేవారు ఎప్పుడూ ప్రస్తావించరు.

సభా నియమావళి

పదవి స్వభావం గురించి కొంత చెప్పడం అవసరం. రాజ్యాంగం 178వ అధికరణం ప్రకారం సభ తన సభ్యులలో ఒకరిని స్పీకర్‌గా ఎన్నుకుంటుంది. 189వ అధికరణం ప్రకారం ఆయన మామూలుగా ఓటు వేయరు, ఇరుపక్షాల ఓట్లూ సమానమైనప్పుడే నిర్ణాయక ఓటు వేస్తారు. పార్టీ ఫిరాయింపులపై అనర్హతను చెప్పే పదో షెడ్యూలు అయిదో పేరా స్పీకర్‌కు ఒక ప్రత్యేక సౌకర్యం కల్పించింది: ఆ పదవికి ఎన్నికైనవారు తమ పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకొన్నా అనర్హత వర్తించదు. అంటే పార్టీకి అతీతంగా ఉండాలనుకునే స్పీకర్‌కు చట్టం దారి తెరిచే ఉంచింది. కాని మన దేశంలో దాదాపుగా ఎవరూ ఆ దారిన వెళ్లరు, ఎందుకంటే అయిదేళ్లు తిరిగేసరికి మళ్లీ టికెట్ కోసం అదే పార్టీ గుమ్మం ఎక్కాలి. బ్రిటన్‌లో స్పీకర్ మీద పెద్ద పార్టీలు పోటీ పెట్టవు, ఇక్కడ అలాంటి సంప్రదాయం ఏర్పడలేదు. తటస్థంగా ఉండమని చెప్పి, ఎన్నికలప్పుడు మాత్రం పార్టీ జెండా పట్టుకొని ఓటు అడగమనే ఏర్పాటు ఇది. నా దృష్టిలో లోపమంతా ఇక్కడే ఉంది, మనోహర్ గారి ఓటమిని చర్చిస్తున్నప్పుడు ఈ ఏర్పాటును పక్కన పెట్టలేము.

మన ప్రాంతానికి ఈ పదవితో పాత సంబంధమే ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకర్ అయిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు విజయవాడ వారు. ఆ తరువాత బాపట్ల నుంచి కోన ప్రభాకరరావు గారు, గుంటూరు నుంచి నిశ్శంకరరావు వెంకటరత్నం గారు ఆ పీఠం మీద కూర్చున్నారు. మనోహర్ గారి వెంటనే వచ్చిన కోడెల గారిదీ ఈ జిల్లాయే.

లక్ష్మీపురం విద్యార్థి

పోటీ పరీక్షలకు చదువుతున్నాను, అందుకని ఒక సందేహం. మనోహర్ గారి హయాంలో 2012లో ఒకేసారి 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయని, 2013లో అంతకు కాస్త తక్కువ మందిపై అనర్హత వేటు పడినా ఒక్క ఉప ఎన్నికా జరగలేదని చదివాను. ఈ తేడా ఎందుకు వచ్చింది?

సభా నియమావళి

మంచి ప్రశ్న. ఆయన స్పీకర్ పదవీకాలంలో అన్నిటికంటే ఎక్కువ చర్చించవలసిన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం.

2011 డిసెంబరులో తెలుగుదేశం కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది. జగన్ గారి వైపు మొగ్గిన కాంగ్రెస్ సభ్యులు విప్‌ను, అంటే ఎటు ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి తీర్మానానికి అనుకూలంగా ఓటు వేశారు. ఫిర్యాదులు, నోటీసులు, వివరణలు అయ్యాక స్పీకర్ 2012 మార్చిలో వారిని అనర్హులుగా ప్రకటించారు. 2012 జూన్ 12న 18 స్థానాలకు పోలింగ్ జరిగింది, వాటిలో అత్యధికం ఇలా ఖాళీ అయినవే. వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచింది, కాంగ్రెస్‌కు రెండు, టీఆర్ఎస్‌కు పరకాల దక్కాయి. మన జిల్లాలో మాచర్ల నుంచి పిన్నెల్లి రామకృష్ణారెడ్డి గారు, ప్రత్తిపాడు నుంచి మేకతోటి సుచరిత గారు తిరిగి గెలిచారు. ఒకే జిల్లాకు చెందిన స్పీకర్ అనర్హులుగా ప్రకటించిన ఇద్దరిని అదే జిల్లా ఓటర్లు మూడు నెలల్లో మళ్లీ సభకు పంపారు.

2013 మార్చిలో రెండో అవిశ్వాసం వచ్చింది. అప్పుడు విప్ ధిక్కరించిన 15 మందిపై, కాంగ్రెస్ నుంచి తొమ్మిది మంది, తెలుగుదేశం నుంచి ఆరుగురు, జూన్‌లో వేటు పడింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 151ఎ సెక్షన్ ప్రకారం ఖాళీ అయిన స్థానానికి మిగిలిన పదవీకాలం ఏడాదికంటే తక్కువైతే ఉప ఎన్నిక జరపనవసరం లేదు. ఆ శాసనసభ గడువు 2014 జూన్ మొదటి వారంలో ముగియవలసి ఉంది, వేటు పడింది సరిగ్గా ఆ ఏడాది గీత దాటాకే. అందువల్ల ఎన్నికలు రాలేదు, 15 నియోజకవర్గాలు దాదాపు ఏడాదిపాటు శాసనసభ్యుడు లేకుండా గడిపాయి.

ఎంత వ్యవధిలో తీర్పు చెప్పాలో పదో షెడ్యూలు నిర్దేశించలేదు. స్పీకర్ ఇచ్చిన నిర్ణయాన్ని న్యాయస్థానాలు సమీక్షించవచ్చునని సుప్రీంకోర్టు 1992లోనే చెప్పింది గాని, కాలపరిమితి విషయం మాత్రం ఆ రోజుల్లో స్పీకర్ల విచక్షణకే మిగిలిపోయింది, మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని ఆ కోర్టు చెప్పింది 2020లోనే. మనోహర్ గారు నిర్ణయాలు తీసుకున్నారు, ఆ తరువాతి సభల్లో ఫిరాయింపు ఫిర్యాదులు పూర్తి పదవీకాలం పెట్టెలోనే ఉండిపోవడం చూశాం. ఆ మేరకు ఆయన తన పని చేశారనే నేను అంటాను. అయితే రెండో విడతలో తేదీ ఎంపిక వల్ల అధికార పక్షం ఒక ఎన్నికల పరీక్షను తప్పించుకొన్నదన్న విమర్శకు సంతృప్తికరమైన జవాబు నాకు ఇప్పటికీ కనిపించలేదు.

గాంధీనగర్ పాత విలేకరి

విజయవాడ నుంచి రాస్తున్నాను. అనర్హతల కంటే పెద్ద పరీక్ష 2013 డిసెంబరు, 2014 జనవరి నెలలది. కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన మూడో అధికరణం కింద రాష్ట్రపతి పంపిన రాష్ట్ర పునర్విభజన బిల్లు సభకు వచ్చింది. సీమాంధ్ర సభ్యులు చర్చే వద్దన్నారు, తెలంగాణ సభ్యులు చర్చ పూర్తి కావాలన్నారు. వేల సంఖ్యలో సవరణలు వచ్చాయి. రాష్ట్రపతి గడువును జనవరి 30 వరకూ పొడిగించారు. బిల్లును తిరస్కరించి వెనక్కు పంపాలంటూ 77వ నిబంధన కింద ముఖ్యమంత్రి నోటీసు ఇచ్చారు. తన మంత్రివర్గంలోని తెలంగాణ మంత్రులే ఒప్పుకోని తీర్మానం అది. చివరి రోజున గందరగోళం మధ్య స్పీకర్ దాన్ని మూజువాణి ఓటుతో ఆమోదింపజేశారు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ తీర్మానంతో నిమిత్తం లేకుండా బిల్లును ఆమోదించాయి.

తల లెక్కింపు జరపకపోవడం తప్పని తెలంగాణ సభ్యులు అన్నారు. ఆనాటి సభ పరిస్థితిలో సభ్యులను వరసగా నిలబెట్టి లెక్కించడం సాధ్యమయ్యేదేనా అని నాకు సందేహం. ప్రాంతాల వారీగా చీలిపోయిన సభకు ఒక ప్రాంతపు స్పీకర్ అధ్యక్షత వహించడం ఎంత కష్టమో ఆలోచించాలి. ఆయన ఒక్క మాట అటు చెబితే హైదరాబాద్‌లో మంట, ఇటు చెబితే తెనాలిలో మంట. అంత చేసినా తెనాలిలో ఆయనకు దక్కింది ‘విభజించిన పార్టీ అభ్యర్థి’ అన్న పేరే. నా వరకు, ఆ నలభై, నలభై అయిదు రోజుల్లో ఏ సభ్యుణ్ణీ పూర్తిగా మాట్లాడనీయకుండా చేయలేదన్నది ఆయనకు రావలసిన గౌరవం.

కొల్లిపర కరకట్ట

పెద్దలంతా సభ గురించి చెబుతున్నారు, నేను ఊళ్ల గురించి చెబుతాను. మా కొల్లిపర మండలం, తెనాలి మండలం, తెనాలి పట్టణం కలిపితేనే ఈ నియోజకవర్గం. ఇక్కడ పోటీ ఎప్పుడూ కుటుంబాల పేర్ల మీదనే నడిచింది. అన్నాబత్తుని సత్యనారాయణ గారు 1983, 1985లలో తెలుగుదేశం తరఫున గెలిచారు. 1989లో మనోహర్ గారి తండ్రి నాదెండ్ల భాస్కరరావు గారు కాంగ్రెస్ నుంచి గెలిచారు, ఆయన అంతకు ముందు 1978లో విజయవాడ తూర్పు, 1983లో వేమూరు నుంచి నెగ్గినవారు, 1984 ఆగస్టు, సెప్టెంబరులలో నెల రోజులు ముఖ్యమంత్రిగా ఉన్నవారు. 1994లో రావి రవీంద్రనాథ్ గారు, 1999లో గోగినేని ఉమ గారు. 2004 నుంచి మనోహర్ గారు. 2019లో సత్యనారాయణ గారి కుమారుడు శివకుమార్ గారు. 2024లో ఇద్దరు మాజీ శాసనసభ్యుల కొడుకులు ముఖాముఖి తలపడ్డారు.

2019 లెక్కింపులో నేను ఒక టేబుల్ దగ్గర ఏజెంటుగా కూర్చున్నాను. తీగ వల అవతల అధికారి కంట్రోల్ యూనిట్ సీలు మాకు చూపి, సీలు నంబరు 17సి కాగితంతో, అంటే ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క పత్రంతో సరిచూసుకోమని చెప్పి, ఫలితం మీట నొక్కుతారు. అభ్యర్థుల వరుసలో ఒక్కొక్క అంకె తెర మీద వస్తుంటే మేము తెల్ల కాగితం మీద రాసుకుంటాము. ఫ్యాను, సైకిలు వరుసల్లో మూడంకెల సంఖ్యలు వస్తుంటే గాజు గ్లాసు వరుసలో అవతలి ఇద్దరికీ అందనంత తక్కువ అంకె వచ్చేది. కాని ప్రతి బూత్‌లోనూ ఎంతో కొంత వచ్చేది, సున్నా అన్నది నా టేబుల్‌లో కనిపించలేదు. పక్కనే ఉన్న తెలుగుదేశం ఏజెంటు ప్రతి రౌండ్ తరువాత తమ అంకెకు గ్లాసు అంకె కలిపి, ఫ్యాను అంకె పక్కన రాసుకుంటున్నాడు. అయిదేళ్ల తరువాతి ఎన్నిక ఆ కాగితం మీదే మొదలైంది.

అరండల్‌పేట లెక్కల మాస్టారు

కొల్లిపర మిత్రుడు చెప్పిన కూడికనే ఇక్కడ పూర్తిగా చేద్దాం.

2014లో తెలుగుదేశం అభ్యర్థి ఆలపాటి రాజేంద్రప్రసాద్ గారికి 93,524, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శివకుమార్ గారికి 74,459. ఆధిక్యం 19,065. మనోహర్ గారికి డిపాజిట్ రాలేదు.

2019లో శివకుమార్ గారికి 94,495, ఆలపాటి గారికి 76,846, మనోహర్ గారికి 29,905. ముగ్గురి ఓట్లు కలిపితే 2,01,246, డిపాజిట్ దక్కాలంటే దాటవలసిన ఆరో వంతు అందులో 33,541. మిగిలిన అభ్యర్థుల ఓట్లు కలపకుండానే మనోహర్ గారు ఆ గీతకు దిగువన ఉన్నారు కనుక డిపాజిట్ మళ్లీ దక్కలేదు.

2024లో తెలుగుదేశంతో పొత్తులో జనసేన అభ్యర్థి అయిన మనోహర్ గారికి 1,23,961, శివకుమార్ గారికి 75,849.

ఇప్పుడు చూడండి. 2019లో తెలుగుదేశం, జనసేన ఓట్ల మొత్తం 1,06,751. 2024లో ఆ మొత్తానికి అదనంగా వచ్చినవి 17,210. అదే సమయంలో వైఎస్సార్ కాంగ్రెస్ కోల్పోయినవి 18,646. పదేళ్ల కింద 74 వేల చిల్లర వద్ద ఉన్న ఆ పార్టీ ఓటు 94 వేలకు ఎక్కి మళ్లీ 75 వేలకు దిగింది. అంటే తెనాలిలో రెండు పెద్ద శిబిరాలూ దాదాపు కదలకుండా ఉంటున్నాయి, మధ్యలో ఉన్న పదిహేడు, పద్దెనిమిది వేల మంది ఎటు వెళితే ఫలితం అటు వెళుతున్నది. పోలింగ్ రోజున ఒక కేంద్రంలో వరుస విషయమై అప్పటి శాసనసభ్యుడికీ ఒక ఓటరుకూ మధ్య చెంపదెబ్బల దాకా వెళ్లిన ఘటన దేశమంతా చూసింది, దానివల్లే ఆధిక్యం పెరిగిందని కొందరు అంటారు. ఉమ్మడి జిల్లాలో కూటమి 17కు 17 గెలిచింది, గుంటూరు లోక్‌సభ స్థానంలో ఆధిక్యం 3.44 లక్షలు. ఆ ఘటన లేకపోయినా ఫలితం మారేది కాదు.

దీన్నిబట్టి నేను చెప్పేది ఏమంటే, మనోహర్ గారి వ్యక్తిగత ఓటు ఎంత అని అడిగితే 2019లో వచ్చిన 29,905ని మించి ఆధారం లేదు, అందులోనూ పవన్ కల్యాణ్ గారి అభిమానుల వాటా పెద్దది. 2009లో ఆయన ఆలపాటి గారిమీద మూడు వేలలోపు ఆధిక్యంతో బయటపడినప్పుడు కూడా ప్రజారాజ్యం రంగంలో ఉండి ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీల్చింది. ఆయన గెలిచినవీ ఓడినవీ ఎక్కువగా పొత్తుల లెక్కలే.

మారీసుపేట వాసి

మాస్టారి అంకెలకు నేను అభ్యంతరం చెప్పను, కాని ఆ కూడికలో ఒక మనిషి త్యాగం ఉందని మరవకూడదు. ఆలపాటి గారు 1994, 1999లలో వేమూరు శాసనసభ్యులు. 2009 నాటికి వేమూరు ఎస్సీ రిజర్వుడు కావడంతో తెనాలికి వచ్చి పోరాడారు, 2014లో గెలిచారు, 2019లో ఓడినా 76 వేల ఓట్లు నిలబెట్టుకున్నారు. 2024లో పొత్తులో భాగంగా ఆ స్థానం జనసేనకు వెళ్లింది, ఉమ్మడి జిల్లాలో జనసేన పోటీ చేసిన ఒకే ఒక స్థానం తెనాలి. ఆయన కార్యకర్తలు మొదట్లో ఎంత కలతపడ్డారో ఇక్కడున్న మాకు తెలుసు. ఆయన తిరుగుబాటుగా నామినేషన్ వేసి ఉంటే 1,06,751 అన్న మొత్తం కాగితం మీదే ఉండిపోయేది. ఓటు బదిలీ అనేది దానంతట అదే జరగదు, ఊరూరా కూర్చొని పాత పగలు మాట్లాడి మాన్పించుకోవాలి. 2009లో ఒకరిమీద ఒకరు పోటీపడి, బూత్‌ల దగ్గర వాదులాడుకున్న రెండు వర్గాల ఏజెంట్లు 2024లో ఒకే బల్ల దగ్గర ఓటరు జాబితా ముందేసుకొని కూర్చోవడం నేను చూశాను.

2025లో కృష్ణా, గుంటూరు పట్టభద్రుల స్థానంలో లక్ష్మణరావు గారిమీద 80 వేలకు పైగా ఆధిక్యంతో ఆలపాటి గారు శాసనమండలికి ఎన్నికయ్యారు. ఆ విధంగా తెనాలిలో పదిహేనేళ్లు ప్రత్యర్థులుగా ఉన్న ఇద్దరూ ఇప్పుడు చెరో సభలో ఉన్నారు.

లామ్ రైతుబిడ్డ

మనోహర్ గారి పదేళ్ల విరామం గురించి ఎవరూ చెప్పడం లేదు. 2018 అక్టోబరులో ఆయన జనసేనలో చేరేనాటికి ఆ పార్టీకి సభలో ఒక్క స్థానమూ లేదు. 2019లో పవన్ కల్యాణ్ గారు గాజువాక, భీమవరం రెండింటిలోనూ ఓడి, రాజోలు ఒక్కటే మిగిలినప్పుడు చాలామంది నాయకులు వెళ్లిపోయారు. ఈయన రాజకీయ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడిగా ఉండి కౌలు రైతుల ఇళ్ల వద్దకు, కార్యకర్తల ఇళ్ల వద్దకు తిరిగారు. మాజీ స్పీకర్ ఒకరు డిపాజిట్ పోయాక కూడా ఒక చిన్న పార్టీ కార్యాలయంలో కూర్చొని మండల కమిటీల జాబితాలు సరిచూసుకున్నారంటే ఆ ఓర్పును తక్కువగా చూడలేము. 2024లో జనసేన పోటీ చేసిన 21 స్థానాలనూ గెలవడంలో ఆ పని వాటా ఉంది. మాస్టారి లెక్కలో దానికి గడి లేదు.

మంత్రిగా ఆయన పని మా ఊళ్లో కంటికి కనిపించేది. 2021 జనవరిలో అప్పటి ప్రభుత్వం విజయవాడ బెంజి సర్కిల్ వద్ద 9,260 రేషన్ వాహనాలను ప్రారంభించింది. ఇంటి ముందుకే బియ్యం వస్తుందన్నారు గాని, బండి వీధి మొగలో ఆగే వేళకు కూలికి వెళ్లినవారు మిర్చి చేలల్లో ఉండేవారు, వచ్చేసరికి బండి వెళ్లిపోయేది. 2025 జూన్ 1 నుంచి వాహనాలు తీసేసి చౌకధరల దుకాణాలను తిరిగి తెరిచారు. మా డీలరు పొద్దున తలుపు తీసి ఈ-పాస్ యంత్రం బల్ల మీద పెడతాడు, సాయంత్రం చేను నుంచి వచ్చేవారికోసం మళ్లీ తీస్తాడు. వేలిముద్ర పడక అరిగిపోయిన వేళ్లతో మూడుసార్లు నొక్కే ముసలివాళ్లు మాత్రం ఇప్పటికీ ఇబ్బంది పడుతున్నారు. అరవై అయిదేళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే ఇవ్వాలన్న నిబంధన ఉంది, అది ప్రతి ఊళ్లో సరిగా అమలు కావాలి. ధాన్యం అమ్మే తేదీని వాట్సాప్‌లో ముందే నమోదు చేసుకునే పద్ధతి వచ్చాక లారీ కోసం కళ్లంలో కాపలా కాయడం తగ్గింది.

సభా నియమావళి

మంత్రిగా చేసే పని, శాసనసభ్యుడిగా చేసే పని వేరువేరుగా చూడాలి. ఆయన ఇప్పుడు ప్రశ్న అడిగేవారు కారు, జవాబు చెప్పేవారు. తెనాలికి సంబంధించిన ప్రశ్న సభలో లేవదీసేవారు ఈసారి కూడా లేరు. పైగా ప్రతిపక్షానికి ఉన్నవి 11 స్థానాలే, వారు సభకు రావడమే అరుదు. అలాంటి సభలో మంత్రుల పనిని ఎవరు తరచి అడగాలి? స్పీకర్‌గా అంత గందరగోళాన్ని చూసిన మనిషి, సభలో అడిగే గొంతులు తగ్గిపోయిన ఈ పరిస్థితి గురించి తన అనుభవంతో మాట్లాడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

బ్రాడీపేట పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. స్పీకర్ పీఠం వల్ల ఓడారన్న వాదన 2014 విషయంలో నిలవడం లేదని నాకు స్పష్టమైంది, యనమల గారి ఉదాహరణతో ఆ నమ్మకం కూడా వీగిపోతున్నది. అయితే మాస్టారు 2009కీ 2014కీ మధ్య ఒక అంకె వదిలేశారు. 2009లో మనోహర్ గారికి ఓటు వేసిన అరవై వేల మందికి పైగా కాంగ్రెస్ ఓటర్లు 2014లో ఎక్కడికి వెళ్లారు? శివకుమార్ గారి 74,459లో వారి వాటా ఎంత, ఆలపాటి గారికి పెరిగిన ఓట్లలో ఎంత అన్నది తేలితేనే, ఆయన సొంత ఓటు ముప్పై వేలకు మించదన్న వాదన నిలుస్తుందో లేదో తెలుస్తుంది. 2004 అంకెలతో పోల్చడానికి నియోజకవర్గాల పునర్విభజన అడ్డు, కాని 2009 నుంచి హద్దులు మారలేదు. కొల్లిపర మండలం బూత్‌ల వారీ లెక్కలు, లేదా పాత ఏజెంట్ల వద్ద మిగిలిన 17సి ప్రతులు ఎవరివద్దనైనా ఉంటే ఇక్కడ పెట్టండి. మండలం, పట్టణం వేరుచేసి పట్టిక తయారు చేసే పని నేను తీసుకుంటాను.

కొల్లిపర కరకట్ట

2014, 2019 సంవత్సరాల ప్రతులు మా మండలానికి చెందినవి కొన్ని నా వద్ద ఉన్నాయి. 2009వి మా పాత ఏజెంటు బాబాయి ఇంట్లో అటక మీద ఉండవచ్చు, అడిగి చెబుతాను. పట్టణంలోని వార్డుల లెక్క మారీసుపేట వాసి గారు సమకూర్చగలిగితే పట్టిక పూర్తవుతుంది.